ఒకే గ్రంథం, ఎదురెదురు తీర్పులు: ఇజ్రాయెల్-పాలస్తీనా యుద్ధం, శాంతి గురించి యూదు మతం ఏమంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గాజా వార్తలు వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతాయి. "వాళ్ల గ్రంథంలోనే చంపమని ఉంది" అని ఒకటి. "దేవుడిచ్చిన భూమి, అడగడానికి మనమెవరం" అని ఇంకొకటి. యూదు రబ్బీలు, అంటే మత గురువులు, ఈ విషయం మీద తమలో తాము వందల ఏళ్లుగా ఎంత వాదించుకున్నారో ఈ రెండూ పంపేవాళ్లకు తెలియదని నా అనుమానం. ఇక్కడ చెప్పబోయేది ఆ వాదనల గురించే. పాలస్తీనా ముస్లింలు, క్రైస్తవులు తమ మతం వైపు నుంచి దీన్ని ఎలా చూస్తారన్నది అంతే పెద్ద విషయం. దాన్ని విడిగా రాయాలి.

ఈ యుద్ధం గురించి యూదు మతం అధికారికంగా ఏమంటుంది?

అధికారికంగా చెప్పేవాళ్లే లేరు. కేథలిక్కులకు పోప్ ఉన్నట్టు యూదులకు ఒక పెద్ద లేడు. ఇజ్రాయెల్‌లో ఇద్దరు చీఫ్ రబ్బీలుంటారు. ఒకరు యూరప్ మూలాలున్న అష్కెనాజీలకు, ఇంకొకరు స్పెయిన్, అరబ్ దేశాల నుంచి వచ్చిన సెఫార్దీలకు. 1921లో బ్రిటిష్ పాలనలో మొదలైన ఈ ఏర్పాటుకు పెళ్లిళ్లు, విడాకులు, ఆహార నియమాల మీద అధికారం ఉంది. యుద్ధం చెయ్యమనో ఆపమనో వాళ్లు చెబితే ప్రభుత్వం వినాలన్న రూలేమీ లేదు. అమెరికాలోని రిఫార్మ్, కన్సర్వేటివ్ శాఖలవాళ్లు వాళ్ల మాటకు కట్టుబడరు. పైగా ఇజ్రాయెల్ యూదుల్లో చాలామంది తమను సెక్యులర్ అనే చెప్పుకుంటారు.

ఉన్నదల్లా హలాఖా, అంటే యూదు ధర్మశాస్త్రం. తోరా (బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు), దాని మీద మిష్నా (నోటిమాటగా వచ్చిన నియమాల సంకలనం), దాని మీద తాల్మూద్ (ఆ నియమాల మీద రబ్బీల చర్చలు), ఆ తర్వాత 12వ శతాబ్దపు మైమోనిడీస్ లాంటివాళ్ల సంకలనాలు, ఆ పైన ఈనాటి రబ్బీల తీర్పులు. తాల్మూద్‌లో ఓడిపోయిన పక్షం వాదనను కూడా కొట్టెయ్యకుండా ఉంచారు. అందుకే ఒక రబ్బీ ఏం చెప్పినా, ఇంకొక రబ్బీ అదే గ్రంథం తెరిచి ఎదురు చెప్పగలడు.

పాత నిబంధన మేమూ చదువుతాం. అది చాలదా?

చాలదు. మన తెలుగు బైబిల్లో "ఇశ్రాయేలు" అని ఉంటుంది, పేపర్లో "ఇజ్రాయెల్" అని రాస్తారు. ఈ స్పెల్లింగ్ తేడా నాకు చాలా ఇష్టం. ఒకటి పురాతన జనం, రెండోది 1948లో పుట్టిన దేశం. రెండూ ఒకటేనా కాదా అన్నదే అసలు గొడవ. ఆదివారం ప్రసంగంలో మాత్రం ఆ గొడవ జరగకుండానే ముగిసిపోతుంది.

రబ్బీలు తోరాను మౌఖిక సంప్రదాయం కళ్లతో చదువుతారు. "కంటికి కన్ను" అని తోరాలో ఉంటే, తాల్మూద్ దాన్ని నష్టపరిహారం అని తేల్చింది. యూదు కోర్టు ఎవరి కన్నూ పీకదు. యుద్ధం గురించిన వాక్యాలకూ ఇలాంటి కథే ఉంది. కాబట్టి యెహోషువ గ్రంథం ఒక్కటి చదివి యూదు మతం ఇదీ అనేస్తే, పాత చట్టం ఒకటి పట్టుకుని తర్వాత వచ్చిన సవరణలూ కోర్టు తీర్పులూ చూడకుండా వాదించినట్టే.

మనకు ఈ విషయంతో దూరపు చుట్టరికమే అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. వాళ్లకు సొంత సినగాగ్, అంటే ప్రార్థన మందిరం ఉంది. ఇజ్రాయెల్ ఇళ్లలో ముసలివాళ్లను చూసుకునే పనులకు తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లినవాళ్లున్నారు. సైరన్ మోగితే వాళ్ల ఇంట్లోవాళ్లకు ఇక్కడ టెన్షన్.

కనాను జనాలను నిర్మూలించమని ద్వితీయోపదేశకాండంలో ఉంది కదా. అది పాలస్తీనియన్లకు వర్తిస్తుందా?

రబ్బీల సంప్రదాయం ఆ తలుపు దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే మూసేసింది. మిష్నాలో ఒక కథ ఉంది. యూదా అనే అమ్మోనీయుడు మతం మారి వచ్చి, నన్ను సమాజంలో చేర్చుకుంటారా అని అడిగాడు. కుదరదు, అమ్మోనీయులు చేరకూడదని తోరాలో ఉంది అన్నాడు రబ్బాన్ గమలీయేలు. దానికి రబ్బీ యెహోషువా, ఆ అమ్మోనీయులు ఇప్పుడెక్కడున్నారు, అష్షూరు రాజు సన్హెరీబు ఎప్పుడో వచ్చి జనాలన్నిటినీ కలగలిపేశాడు కదా అన్నాడు. సభ ఆ మనిషిని చేర్చుకుంది. ఫలానా జాతి అని ఈ రోజు ఎవరినీ గుర్తుపట్టలేం కాబట్టి ఆ పాత ఆజ్ఞలు అమలయ్యే దారి లేదు. కనానులోని ఏడు జనాల ఆనవాలే పోయిందని మైమోనిడీస్ కూడా రాశాడు. అంతేకాదు, ఆ ఏడు జనాలకైనా ముందు శాంతి కబురు పంపకుండా యుద్ధం మొదలుపెట్టకూడదని ఆయన తీర్పు.

చిక్కల్లా అమాలేకుతో. ఐగుప్తు నుంచి బయటపడి అలసిపోయి నడుస్తున్న జనాన్ని వెనక నుంచి కొట్టిన తెగ అది. "అమాలేకు నీకు చేసినది గుర్తుంచుకో" అనే వాక్యాన్ని ఏటా పూరీము పండుగకు ముందు వచ్చే సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం) నాడు సినగాగుల్లో చదువుతారు. అమాలేకు జాతి ఇప్పుడు లేదని, అది మనిషిలోని క్రూరత్వానికి పేరని చెప్పే రబ్బీలు చాలామంది. కానీ 1994 ఫిబ్రవరి 25న, సరిగ్గా పూరీము రోజున, బరూఖ్ గోల్డ్‌స్టైన్ అనే యూదు డాక్టరు హెబ్రోనులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. 2023 అక్టోబరు 28న ప్రధాని నెతన్యాహు గాజా యుద్ధం గురించి మాట్లాడుతూ ఇదే వాక్యం ఎత్తారు. దక్షిణాఫ్రికా దాన్ని అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసులో చూపించింది. హమాస్ చేసినదాన్ని మరవొద్దనే అర్థంలోనే అన్నామని, జాతి నిర్మూలన ఉద్దేశమే లేదని ఆయన కార్యాలయం వివరణ ఇచ్చింది. నా మట్టుకు నాకు, అన్నవాడి మనసులో ఏముందన్నది ఒక ప్రశ్న, విన్నవాడి చేతిలో తుపాకీ ఉందా అన్నది ఇంకొక ప్రశ్న. రెండూ అడగాలి.

ఎలాంటి యుద్ధానికి అనుమతి ఉంది?

మిష్నా యుద్ధాలను రెండు రకాలు చేసింది. మిల్హెమెత్ మిత్స్వా అంటే చేసి తీరాల్సిన యుద్ధం. మిల్హెమెత్ రెషూత్ అంటే రాజు తనకు తానుగా తలపెట్టే యుద్ధం, సరిహద్దు పెంచుకోవడానికో పేరు కోసమో చేసేది. రెండో రకానికి 71 మంది సభ్యుల మహాసభ ఒప్పుకోవాలి. ఆ సభ ఇప్పుడు లేదు కాబట్టి అలాంటి యుద్ధానికి ఇక చోటే లేదని చాలామంది అంటారు. మీదికి వచ్చిన శత్రువు నుంచి జనాన్ని కాపాడుకోవడం మొదటి రకం కిందికి వస్తుందని మైమోనిడీస్ రాశాడు. ఇజ్రాయెల్ చేసే ప్రతి యుద్ధానికీ మతపరమైన సమర్థన ఈ ఒక్క వాక్యం నుంచే మొదలవుతుంది. ఎంత దూరం వెళ్లినా అది ఆత్మరక్షణేనా, ఎక్కడో ఒకచోట రెండో రకంలోకి జారిపోతుందా అన్న దగ్గర వాదన మొదలవుతుంది.

ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయంలో నాకు నచ్చే భాగం ఒకటుంది. యుద్ధానికి ముందు అధికారులు సైన్యం ముందు నిలబడి అడుగుతారు. కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చెయ్యనివాడున్నాడా, ఇంటికి పో. ద్రాక్షతోట వేసి ఇంకా పండు తిననివాడున్నాడా, ఇంటికి పో. నిశ్చితార్థం అయి పెళ్లి కానివాడున్నాడా, నువ్వూ పో. చివరికి, భయపడేవాడున్నాడా, వాడూ పోవచ్చు.

యుద్ధంలో సామాన్య జనం సంగతి ఏమిటి?

పాత నియమాలు కొన్ని చాలా స్పష్టంగా ఉన్నాయి. ముట్టడి వేసినప్పుడు పండ్ల చెట్లు నరకకూడదు. ఊరిని నాలుగు వైపులా చుట్టేయకూడదు, పారిపోదలచినవాడు పారిపోవడానికి ఒక వైపు వదలాలి అని మైమోనిడీస్ చట్టంగా రాశాడు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ రాజధాని బేరూతును (బీరూట్) ముట్టడించినప్పుడు, అప్పటి చీఫ్ రబ్బీ ష్లోమో గోరెన్ ఈ నియమాన్నే ఎత్తి చూపి, హలాఖా ప్రకారం దారి వదలాల్సిందే, అందులో పీఎల్‌వో (పాలస్తీనా విమోచన సంస్థ) పోరాటగాళ్లు తప్పించుకున్నా సరే అన్నారు. గోరెన్ మెతక మనిషేమీ కాదు. సైన్యానికి మొదటి చీఫ్ రబ్బీ ఆయన, 1967 జూన్ 7న పశ్చిమ గోడ దగ్గర షోఫర్ (పొట్టేలు కొమ్ము బూర) ఊదింది ఆయనే. ఇంకొక పెద్ద పండితుడు షావుల్ యిస్రాయేలీ మాత్రం ఈ తీర్పును ఒప్పుకోలేదు.

ఈ యిస్రాయేలీ పేరు అంతకు ముప్పై ఏళ్ల ముందు కూడా వినపడింది. 1953 అక్టోబరులో ఒక యూదు తల్లి, ఆమె ఇద్దరు పిల్లలు చొరబాటుదారుల దాడిలో చనిపోయారు. దానికి ప్రతీకారంగా ఇజ్రాయెల్ సైనికులు అప్పట్లో జోర్డాన్ చేతిలో ఉన్న కిబ్యా ఊరి మీద పడి దాదాపు 70 మందిని చంపారు. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. దీని మీద ఇద్దరు మతనిష్ఠాపరులు రాశారు. ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న యుద్ధ పద్ధతులే చట్టం అవుతాయి, ఆ లెక్కన ఇది నేరం కాదు, కానీ దేశాలన్నీ కలిసి యుద్ధాన్నే నిషేధిస్తే మనమూ కట్టుబడాలి అన్నది యిస్రాయేలీ వాదన. యెషయాహు లైబోవిట్జ్ అనే శాస్త్రవేత్త, తత్వవేత్త దారి వేరు. ఆయన ఆదికాండంలోని షెకెము కథ తీశాడు. చెల్లెలిని చెరిచినందుకు షిమ్యోను, లేవీ ఆ ఊరి మగవాళ్లందరినీ చంపారు. కారణం బలంగానే ఉంది. అయినా చావబోతూ వాళ్ల తండ్రి యాకోబు ఆ ఇద్దరి కోపాన్ని శపించాడు. కారణం ఉన్నంత మాత్రాన శాపం నుంచి తప్పించుకోలేమని లైబోవిట్జ్ సారాంశం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ విషయం మీద అంత సూటిగా రాసినవాళ్లు నాకు కనపడలేదు.

యాకోబు గురించే ఇంకొకటి. అన్న ఏశావు నాలుగు వందల మందితో వస్తున్నాడని తెలిసినప్పుడు యాకోబు "మిక్కిలి భయపడి తొందరపడ్డాడు" అని ఉంటుంది. రెండు మాటలెందుకని అడిగి, 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ పాత మిద్రాష్ (రబ్బీల వ్యాఖ్యానాలు, కథలు) నుంచి జవాబిచ్చాడు: తాను చనిపోతానేమోనని భయం, ఇతరులను చంపాల్సి వస్తుందేమోనని బాధ.

దేవుడిచ్చిన భూమి అని నమ్మితే ఇక రాజీకి చోటెక్కడ?

రాజీ కుదరదనే వర్గం ఉంది, బలంగానే ఉంది. 13వ శతాబ్దపు నహ్మనిడీస్ ఆ భూమిని స్వాధీనం చేసుకుని అందులో ఉండడం ప్రతి తరానికీ వర్తించే ఆజ్ఞ అని రాశాడు. 20వ శతాబ్దంలో రబ్బీ అబ్రహాం ఐజక్ కూక్, నాగలి పట్టిన సెక్యులర్ యువకులు కూడా తమకు తెలియకుండానే దేవుడి పని చేస్తున్నారని చెప్పాడు. ఆయన 1935లో పోయాడు, దేశాన్ని చూడలేదు. కొడుకు త్స్వీ యెహూదా కూక్ తండ్రి ఆలోచనను భూమి వైపు తిప్పాడు. 1967 మే నెలలో స్వాతంత్ర్య దినోత్సవం నాడు విద్యార్థుల ముందు, మన హెబ్రోను ఏదీ, మన షెకెము ఏదీ అంటూ దుఃఖపడ్డాడు. మూడు వారాల్లో యుద్ధం వచ్చింది, ఆ ఊళ్లన్నీ ఇజ్రాయెల్ చేతికొచ్చాయి. ఆ విద్యార్థులకు అది ప్రవచనం నెరవేరినట్టే అనిపించింది. 1974లో గుష్ ఎమునీం ఉద్యమం పుట్టింది, వెస్ట్ బ్యాంక్ కొండల మీద సెటిల్‌మెంట్లు, అంటే యూదుల కాలనీలు పెరిగాయి.

అదే సంప్రదాయంలో నుంచి ఎదురు గొంతులూ వచ్చాయి. భూమిని, సైన్యాన్ని, దేశాన్ని పవిత్రం అనడం విగ్రహారాధనే అన్నాడు లైబోవిట్జ్. ఇంకొక జనం మీద పెత్తనం మనల్నే పాడు చేస్తుందని 1967 తర్వాత వెంటనే హెచ్చరించినవాళ్లలో ఆయన ఒకడు. రబ్బీ యెహూదా అమితాల్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నాజీల చేతి నుంచి బతికి బయటపడి, వెస్ట్ బ్యాంక్‌లోని హర్ ఎత్సియోన్ యెషీవాకు (తోరా చదివే విద్యాలయం) పెద్దయ్యాడు. ఆ యెషీవా విద్యార్థులు యుద్ధాల్లో చనిపోయారు. 1982 లెబనాన్ యుద్ధం తర్వాత ఆయన బహిరంగంగా మారాడు. తోరాలో విలువలకు వరుస ఉందని, ముందు జనం, తర్వాతే భూమి అని చెప్పి, 1988లో మెయ్‌మాద్ అనే మతనిష్ఠ గల మధ్యేవాద పార్టీ పెట్టాడు.

మరి ప్రాణం ముందా, భూమి ముందా?

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో గుండెకాయ ఇదే. పికూఆహ్ నెఫెష్ అంటే ప్రాణ రక్షణ. దానికోసం సబ్బాతును, ఇంకా దాదాపు ప్రతి ఆజ్ఞనూ పక్కన పెట్టొచ్చు. విగ్రహారాధన, వావివరసలు తప్పడం, హత్య మాత్రం మినహాయింపు. ఈ నియమం మీద పేచీ లేదు.

1979లో ఈజిప్టుతో శాంతి ఒప్పందం కుదిరి సీనాయి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి సెఫార్దీ చీఫ్ రబ్బీ ఓవదియా యోసెఫ్, బాగ్దాద్‌లో పుట్టి జెరూసలేంలో పెరిగిన మహాపండితుడు, ఇలా తీర్పు చెప్పాడు: భూమి ఇచ్చేస్తే యుద్ధం తప్పి ప్రాణాలు నిలుస్తాయని సైన్యాధికారులు, రాజకీయ నిపుణులు చెబితే ఇవ్వొచ్చు. రోగి ఉపవాసం ఉండాలా వద్దా అన్నది డాక్టరు చెప్పినట్టే, ఇక్కడ నిపుణులు చెప్పాలి. రబ్బీ తన పరిధి దాటకుండా నిపుణులకు అప్పగించడం ఇందులో గమనించాల్సింది.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. బ్రూక్లిన్‌లో ఉన్న లుబావిచ్ రబ్బీ మెనాహెం మెండెల్ ష్నీర్సన్ ఒక్క అంగుళం కూడా ఇవ్వకూడదన్నాడు. దేవుడిచ్చిన భూమి అని కాదు, ప్రాణ రక్షణ కోసమే! షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మసంహితలో, సరిహద్దు ఊరి మీదికి శత్రువులు గడ్డీ గాదం కోసం వచ్చినా సరే సబ్బాతు నాడైనా ఆయుధాలతో ఎదుర్కోవాలని ఉంది. సరిహద్దు పోతే దేశమంతా శత్రువుకు తెరుచుకుంటుంది కాబట్టి. ఈయన కూడా నిపుణులనే అడగమన్నాడు, కాకపోతే సైనిక నిపుణులను మాత్రమే, రాజకీయ లెక్కలు కలపకుండా.

అంటే ఒకే సూత్రం నుంచి ఇద్దరు పెద్దలు ఎదురెదురు తీర్పులిచ్చారు. తేడా మత సిద్ధాంతంలో లేదు, రేపు ఏం జరగబోతుందన్న అంచనాలో ఉంది. ఓవదియా యోసెఫ్ తానే తర్వాతి కాలంలో, 1993లో ఇజ్రాయెల్, పీఎల్‌వో మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందం తర్వాత శాంతి రాలేదు, రక్తపాతం వచ్చింది, కాబట్టి నా తీర్పు ఈ పరిస్థితికి వర్తించదు అన్నాడు. అరబ్బుల గురించి ప్రసంగాల్లో చాలా దురుసుగానూ మాట్లాడాడు. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి, ఒకదాన్ని దాచి రెండోది చూపడం నాకు ఇష్టం లేదు.

నల్లకోట్లు వేసుకుని పాలస్తీనా జెండా పట్టుకునే యూదులెవరు?

వాళ్లు ఎక్కువగా నెతురెయ్ కార్తా అనే చిన్న గుంపు. వీడియోల్లో కనిపించినంత సంఖ్య వాళ్లకు లేదు. వాళ్ల వెనకున్న సిద్ధాంతం మాత్రం పెద్దది. తాల్మూద్‌లో మూడు ప్రమాణాల మాట ఉంది: యూదులు మూకుమ్మడిగా బలంతో ఆ భూమికి వెళ్లకూడదు, ఇతర జాతుల మీద తిరగబడకూడదు, ఆ జాతులు యూదులను మితిమీరి బాధించకూడదు. మెస్సీయ రాకముందే దేశం పెట్టడం ఈ ప్రమాణాలు తప్పడమే అన్నది సత్మార్ రబ్బీ యోయెల్ టైటెల్‌బామ్ వాదన. సత్మార్ హసీదులు (అతినిష్ఠగల ఒక భక్తి శాఖ) వేల కుటుంబాలు, న్యూయార్క్‌లో గట్టిగా ఉన్నారు. అయితే 2006లో నెతురెయ్ కార్తావాళ్లు టెహ్రాన్‌లో హోలోకాస్ట్‌ను శంకించే సదస్సుకు వెళ్తే సత్మార్ వాళ్లే మండిపడ్డారు. ఐక్యరాజ్యసమితి ఓటుతో వచ్చిన దేశం తిరుగుబాటు ఎలా అవుతుంది, మూడో ప్రమాణం హిట్లర్ ఎప్పుడో తెంచేశాడు కదా అన్నది జయోనిస్టు (యూదులకు ఆ భూమిలో సొంత దేశం కావాలనే) రబ్బీల జవాబు.

అతినిష్ఠగల హరేదీలు సైన్యంలో చేరనంటారెందుకు? శాంతి కోసమా?

కాదు. తోరా చదువే దేశాన్ని కాపాడుతుందని, సైన్యంలో చేరితే పిల్లలు దారి తప్పుతారని వాళ్ల భయం. బెన్ గురియోన్ కాలంలో కొన్ని వందల మందికిచ్చిన మినహాయింపు పదుల వేలకు చేరింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు అది చెల్లదని ఏకగ్రీవంగా తేల్చింది. కొడుకులను యుద్ధానికి పంపిన మతనిష్ఠ గల జయోనిస్టు తల్లులు, చేసి తీరాల్సిన యుద్ధానికి పెళ్లిపందిరి కింద నుంచి కూడా రావాలని మిష్నాలో ఉంది కదా, మీ పిల్లలేరీ అని అడుగుతున్నారు. హరేదీల దగ్గర దీనికి గట్టి జవాబు లేదనే నాకనిపిస్తుంది.

మతం పేరుతోనే ప్రధాని రాబిన్‌ను చంపారా?

అవును. 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగిశాక యిగాల్ అమీర్ అనే న్యాయ విద్యార్థి ఆయన్ను కాల్చాడు. అతడు వాడిన మాట "రోదెఫ్". హత్య చెయ్యడానికి వెంటపడేవాణ్ని ఆపడానికి వేరే దారి లేకపోతే చంపొచ్చు అనేది తాల్మూద్ నియమం. వీధిలో కత్తి పట్టుకుని తరుముతున్నవాడి కోసం పెట్టినది. దాన్ని భూమి ఇచ్చే ప్రధాని మీదికి తిప్పారు. హత్యకు ముందు కొందరు రబ్బీల మధ్య ఈ చర్చ నడిచింది కూడా. హత్య తర్వాత అమితాల్‌ను కొత్త ప్రభుత్వం మంత్రిగా తీసుకుంది.

"షాలోమ్" అంటే శాంతి అనేనా?

షాలేమ్ అంటే నిండైనది, లోటు లేనిది. షాలోమ్ అక్కడి నుంచే వచ్చింది. మన తెలుగు బైబిల్ దాన్ని "సమాధానము" అంది, "సమాధానము వెదకి దాని వెంటాడుము" అని కీర్తనల్లో ఉంది. ఇప్పటి వాడుకలో సమాధానం అంటే జవాబు కాబట్టి పిల్లలు తికమకపడతారు కానీ, పాత అర్థం చక్కగా కుదిరింది. వెంటాడమన్న చోట రబ్బీలు ఆగి ఆలోచించారు. మిగతా ఆజ్ఞలు ఎదురైతే చేస్తాం, దీన్ని మాత్రం వెతుక్కుంటూ పోవాలి అన్నారు.

రోజూ మూడుసార్లు చేసే నిలువు ప్రార్థన చివర యూదులు మూడు అడుగులు వెనక్కి వేసి, ఎడమకూ కుడికీ వంగి, పైన శాంతి చేసేవాడు మాకూ శాంతి చెయ్యాలి అంటారు. నేను వెనక్కి తగ్గకుండా శాంతి అడగలేనని ఆ అడుగులకు అర్థం చెప్పేవాళ్లున్నారు. సబ్బాతు నాడు కత్తి కట్టుకుని బయటికి రావొచ్చా అన్న చర్చలో, అది మగవాడికి నగలాంటిదే కదా అన్నాడు రబ్బీ ఎలియేజర్. కాదు, అది సిగ్గుచేటు, "వారు తమ ఖడ్గములను నాగటి నక్కులుగా" సాగగొడతారని యెషయా చెప్పలేదా అని మిగతా పండితులు తోసిపుచ్చారు. ఎర్ర సముద్రంలో ఐగుప్తీయులు మునిగిపోతుంటే దేవదూతలు పాడబోయారట, నా చేతి పని సముద్రంలో మునుగుతుంటే మీరు పాటలు పాడతారా అన్నాడట దేవుడు. ఇదీ తాల్మూద్‌లోదే.

"పరదేశిని ప్రేమించు" అన్న ఆజ్ఞ పాలస్తీనియన్ల విషయంలో పనిచేస్తుందా?

పరదేశిని బాధించవద్దని తోరా 36 చోట్ల చెప్పిందని తాల్మూద్ లెక్క. అయితే మూలంలో పరదేశికి వాడిన గేర్ అనే మాటకు మతం మారినవాడనే రబ్బీలు ఎక్కువగా అర్థం చెప్పారు. కాబట్టి ఈ వాక్యంతోనే వాదన గెలవడం కష్టం. అంతకంటే గట్టిది "దర్ఖే షాలోమ్", శాంతి మార్గాలు అనే నియమం: యూదేతర పేదలకూ అన్నం పెట్టాలి, వాళ్ల రోగులను పరామర్శించాలి, వాళ్ల శవాలకూ అంత్యక్రియలు చెయ్యాలి. ముస్లింలు విగ్రహారాధకులు కారని మైమోనిడీస్ తేల్చడం ఇంకొక ఆసరా. 1988లో మొదలైన మానవ హక్కుల రబ్బీల సంఘం సభ్యులు ఏటా ఆలివ్ కోత కాలంలో పాలస్తీనా రైతులతో కలిసి తోటల్లో నిలబడతారు. సెటిలర్ల దాడులు జరిగే చోట్ల దెబ్బలు కూడా తిన్నారు.

2023 అక్టోబరు 7 తర్వాత మత పరంగా ఏం మారింది?

ఆ రోజు సబ్బాతు, పైగా సిమ్హత్ తోరా పండుగ, తోరా చుట్టలు పట్టుకుని నాట్యం చేసే రోజు. హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా తీసుకుపోయారు. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్లు, అక్కడి ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం, పదుల వేలు.

రబ్బీలను బాగా చీల్చింది బందీల ప్రశ్న. బందీలను విడిపించడాన్ని మించిన పుణ్యం లేదని మైమోనిడీస్ అంటాడు. కానీ విలువకు మించి ఇవ్వకూడదని మిష్నా అంటుంది, లేకపోతే ఎత్తుకెళ్లేవాళ్లకు అలవాటవుతుందన్నది తాల్మూద్ చెప్పే కారణాల్లో ఒకటి. 13వ శతాబ్దంలో రోథెన్‌బర్గ్ రబ్బీ మెయిర్ తన కోసం పెద్ద సొమ్ము కట్టనివ్వకుండా 1293లో జైల్లోనే చనిపోయాడని ప్రసిద్ధి. 2011లో గిలాద్ షలీత్ అనే ఒక్క సైనికుడి కోసం 1,027 మంది ఖైదీలను వదిలారు. వాళ్లలో ఒకడు యాహ్యా సిన్వార్, అక్టోబరు 7 దాడికి సూత్రధారి. ఒప్పందం వద్దన్నవాళ్లు ఈ పేరే చూపించారు. చావు ముంగిట ఉన్నవాడికి విలువ లెక్క వర్తించదు, రేపటి ప్రమాదం అనుమానం, ఇవాళ్టి చావు ఖాయం అన్నారు ఒప్పుకొమ్మన్నవాళ్లు. 2025 జనవరి ఒప్పందానికి హరేదీ పార్టీ షాస్ ఓటేసింది. మతనిష్ఠ గల జయోనిస్టుల పార్టీ నాయకుడు స్మోత్రిచ్ వ్యతిరేకించాడు. ఇద్దరి అలమారాల్లోనూ అవే పుస్తకాలు.

దాడికి ముందే, 2023 మొదట్లో, ఇజ్రాయెల్‌లో "విశ్వాసపు వామపక్షం" పేరుతో కిప్పా (మతనిష్ఠ గల యూదులు పెట్టుకునే చిన్న టోపీ) పెట్టుకునేవాళ్ల కొత్త బృందం తయారైంది. పెద్దది కాదు.

ఆలయ కొండ, అల్-అక్సా గొడవలో రబ్బీలు ఎటు?

యూదులు ఆ కొండ ఎక్కకూడదని 1967 తర్వాత చీఫ్ రబ్బీలు బోర్డు పెట్టించారు. పాత ఆలయంలో అతి పవిత్ర స్థలం ఎక్కడుందో తెలియక, శుద్ధి లేకుండా దాని మీద కాలు పెడతారని కారణం. శాంతికి పనికొచ్చిన ఈ నిషేధం శాంతి కోసం పెట్టింది కాదు. ఇప్పుడు మతనిష్ఠ గల జయోనిస్టుల్లో ఎక్కి ప్రార్థించేవాళ్లు పెరుగుతున్నారు, హరేదీ పెద్దలు ఇంకా వద్దంటున్నారు.

శాంతి కోసం నిజంగా పనిచేసిన రబ్బీలున్నారా?

ఉన్నారు. హీబ్రూ యూనివర్సిటీ మొదటి అధిపతి, రబ్బీ జూడా మాగ్నెస్, తత్వవేత్త మార్టిన్ బూబర్‌తో కలిసి 1940లలోనే యూదులు, అరబ్బులు సమానంగా ఏలుకునే ఒకే దేశం కావాలన్నాడు. రెండు వైపులా వినలేదు. రబ్బీ మైకేల్ మెల్కియోర్ 2002 జనవరిలో ఈజిప్టు అలెగ్జాండ్రియాలో ముస్లిం, క్రైస్తవ పెద్దలతో కలిసి దేవుడి పేరుతో చంపడం ఆపాలని ప్రకటన చేయించాడు. మతం ఉన్నవాళ్లను బయట పెట్టి సెక్యులర్ నాయకులు గదిలో చేసుకున్న ఒప్పందాన్ని మతం ఉన్నవాళ్లే చెడగొడతారని ఆయన ఇప్పటికీ అంటాడు. ఓస్లో గతి చూస్తే ఆ మాటలో బరువుంది.

అందరికంటే విచిత్రమైన మనిషి రబ్బీ మెనాహెం ఫ్రోమాన్. గుష్ ఎమునీం మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, తెకోవా సెటిల్‌మెంట్‌కు రబ్బీ. ఆ భూమి పవిత్రమని మనసారా నమ్మేవాడు. అంత పవిత్రమైన భూమి మీద ఏ ప్రభుత్వం ఉందన్నది నాకు ముఖ్యం కాదు, పాలస్తీనా పౌరుడిగానైనా ఇక్కడే ఉంటాను అనేవాడు. పాలస్తీనా నాయకుడు అరాఫత్‌ను కలిశాడు, హమాస్ స్థాపకుడు షేక్ అహ్మద్ యాసీన్‌తో కూర్చుని మతం గురించి మాట్లాడాడు. సెటిలర్లలో చాలామందికి ఆయన పిచ్చివాడు, వామపక్షాలకు సెటిలర్. 2010 అక్టోబరులో బెత్ ఫజ్జార్ అనే పాలస్తీనా ఊళ్లో మసీదుకు నిప్పు పెట్టారు, గోడల మీద హీబ్రూ రాతలు కనిపించాయి. మర్నాడు ఆయన, చుట్టుపక్కల సెటిల్‌మెంట్ల రబ్బీలు ఇంకొందరు కొత్త ఖురాన్ ప్రతులు పట్టుకుని ఆ ఊరికి వెళ్లారు.